మూడో గుండు

మా మామయ్య జెన్కిచికి ఎడమ చెవి వినిపించదు. ఇరవై ఒకటో ఏట నౌకాదళం వాళ్ళు పట్టుకెళ్ళి యుద్ధనౌకలో ఫిరంగి గదిలో పెట్టారు. గుండ్లు మోసి ఫిరంగి నోటికి అందించడం ఆయన పని. చైనా తీరంలో చింగ్‌తావ్ కోటను ముట్టడించినప్పుడు ఆ ఓడ సముద్రంలో నిలబడి రోజుల తరబడి ఒడ్డును కొట్టింది. ఆ మోతకే చెవి పోయింది.

ఇక మా అత్తమ్మ ఉతో ఊరుకుంటుందా? "మంచి చెవి చక్రవర్తికి ఇచ్చొచ్చి, మిగిలింది నా మొహాన కొట్టాడు" అనేది వచ్చిన వాళ్ళందరితో. తిట్టాలంటే ఆయనకు ఎడమవైపు కూర్చుని తిట్టేది. మెచ్చుకోవాలన్నా ఎడమవైపే. "కుడి చెవిలో పడితే నెత్తికెక్కుతాడమ్మా" అని నాకు కన్ను గీటేది. ఆయన అన్నీ గ్రహించేవాడు. ఏమీ విననట్టు చుట్ట కాల్చుకునేవాడు.

మాది యోమితాన్ తీరంలో ముప్ఫై గడపల ఊరు. చిలగడదుంప చేలు, ఒక పంది, అత్తమ్మ చేసే తోఫు. తెల్లవారకముందే సోయా రుబ్బి, తోఫు వండి, తట్ట నెత్తిన పెట్టుకుని కదెనా బజారు దాకా నడిచి అమ్మి వచ్చేది. ఆమె గొంతు విని జనం పొద్దు ఎంతైందో చెప్పుకునేవారు. నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చి రెండేళ్ళు. నా భర్త సెయ్‌కిని 1945 ఫిబ్రవరిలో దళంలోకి తీసుకుని దక్షిణానికి పంపారు. అప్పటికి నా కూతురు సుమికి నెల దాటింది.

యుద్ధం మా దీవికే వస్తుందని తెలిశాక ఊళ్ళో అందరూ తమ వంశాల సమాధులను బాగుచేసుకున్నారు. మా సమాధులు తాబేలు వీపులాంటి కప్పుతో, లోపల పది మంది పట్టేంత పెద్దవి. పూర్వీకుల పక్కన దాక్కుంటే వాళ్ళే కాపాడతారని అందరి నమ్మకం. మామయ్య ఒక్కడే ఒప్పుకోలేదు.

"ఆ గుమ్మాలన్నీ సముద్రం వైపున్నాయి" అన్నాడు ఊరి పెద్దల ముందు. "ఓడ ఫిరంగి గుండు వానలా నెత్తిమీద పడదు. ఎదురుగా పరుగెత్తుకుని వస్తుంది. నీకు సముద్రం కనిపిస్తుందంటే, సముద్రానికి నువ్వు కనిపిస్తున్నావన్నమాట. కొండకి అవతల వైపు పోదాం."

"జెన్కిచి అన్నా, ఆ ఓడలు ఇక్కడిదాకా వస్తేగా!" అన్నాడు మోరినె. మా ఊరి రక్షణ దళానికి అతనే పెద్ద. చైనాలో పదాతి దళంలో పనిచేసి వచ్చినవాడు. "మన విమానాలు నడిసముద్రంలోనే ముంచేస్తాయి. నువ్వు జనాన్ని బెదరగొట్టకు."

"ముంచేస్తే మంచిదేగా తమ్ముడూ. ఒక గుహ ఊడ్చినందుకు నాకు నడుము నొప్పి తప్ప నష్టమేముంది?"

కొండకు అవతలి వైపు, పొదల వెనక, ఒక సున్నపురాయి గుహ ఉంది. ఆయన ఒక్కడే నెల రోజులు పాములను తరిమి, రాళ్ళు ఏరి, దారి తవ్వాడు. ఊరు నవ్వింది. అత్తమ్మ అందరికంటే ఎక్కువ నవ్వింది. కానీ రోజూ మధ్యాహ్నం అన్నం మూట పట్టుకుని అక్కడికి వెళ్ళి, ఆయన తినేదాకా కూర్చుని వచ్చేది.

మార్చి ఆఖరి వారంలో ఒక పొద్దున మామయ్య కొండెక్కి చూసి వచ్చాడు. మొహం సున్నం కొట్టినట్టుంది.

"ఎన్నున్నాయి?" అంది అత్తమ్మ.

"లెక్కపెట్టలేదు. సముద్రం కనపడ్డంలేదు, ఓడలే ఉన్నాయి. పెద్దవి ఒక్కొక్కటీ మన ఊరంత ఉన్నాయి. నేను పనిచేసింది వాటి పక్కన పెడితే చేపల పడవ." అత్తమ్మ వైపు తిరిగాడు. "ఉతో, పంది తాడు విప్పెయ్. అది పోయేచోటికి అది పోతుంది."

మొదటి గుండ్లు సమాధుల వరుస మీదే పడ్డాయి. ఆ సాయంత్రానికి నవ్విన వాళ్ళంతా, మోరినెతో సహా, దుంపల బుట్టలు పట్టుకుని మా గుహకు వచ్చారు. అరవై మందికి పైగా ఉంటాం. మామయ్య ఎవర్నీ ఒక మాట అనలేదు. మోరినె ముసలి తల్లిని మామయ్యే వీపు మీద మోసుకొచ్చి పొడిగా ఉన్న చోట కూర్చోబెట్టాడు.

తర్వాతి రోజులను ఎలా చెప్పను? నేల కింద ఎవరో తలుపులు బాదుతున్నట్టుండేది. పెద్ద గుండు వచ్చేటప్పుడు ముందు గాలి చిరిగిన చప్పుడు, ఆ తర్వాత కొండంతా ఒక్క ఊపు. పైనుంచి సున్నం రాలి పిల్లల జుట్లు ముసలివాళ్ళ జుట్లలా అయ్యేవి. మామయ్య రాతికి వీపు ఆనించి కూర్చుని, ఏది పెద్ద ఓడ గుండో, ఏది చిన్న ఓడదో చెప్పేవాడు. చెవితో కాదు, వీపుతో.

ఆయన పెట్టిన నియమాలు మూడు. పగలు పొయ్యి వెలిగించకూడదు. తెల్లబట్ట ఆరేయకూడదు. సముద్రం కనిపించే చోట నిలబడకూడదు. "కాళ్ళకి పడవలు కట్టుకుని నెమ్మదిగా తిరిగే విమానం ఒకటుంది చూశారా? అది బాంబులు వెయ్యదు. ఓడకి అది కన్ను. దానికి పొగ కనపడితే చాలు" అనేవాడు. రాత్రిపూట మంట వెలుగు కనిపిస్తుందని మోరినె పొయ్యి పెట్టనివ్వలేదు. గుహలో పెడితే పొగకు పిల్లలు ఉక్కిరిబిక్కిరయ్యారు. అందుకని అందరం పచ్చి దుంపలే కొరుక్కుతిన్నాం.

నాలుగో రోజుకు నా పాలు ఎండిపోయాయి. సుమి ఏడ్చి ఏడ్చి గొంతు పోయి, నోరు తెరిచి మూసేది. చప్పుడు వచ్చేది కాదు. అత్తమ్మ దాన్ని ఒడిలో వేసుకుని దాని నోట్లో తడి గుడ్డ పెడుతూ రాత్రంతా మాట్లాడలేదు. ఆమె అంతసేపు మాట్లాడకుండా ఉండడం నేనెప్పుడూ చూడలేదు.

మర్నాడు తెల్లవారుతుండగా లోయంతా పొగమంచు కమ్మింది. ఓడలూ ఆ కాసేపు ఊరుకున్నాయి. అత్తమ్మ "నాబె, లే" అని నన్ను తట్టి లేపింది. కొంగులో ఎండుచేప ముక్క, సోయా పులియబెట్టి చేసిన మిసో ముద్ద కాస్త, ఎక్కడ కోసుకొచ్చిందో పిడికెడు మాచిపత్రి ఆకు ఉన్నాయి.

"ఊట దగ్గరకెళ్ళి ఒక్క పొంగు చారు కాచుకొస్తా. ఈ మంచులో పొగ ఎవడికి కనపడుతుంది? వేడిగా తాగితే పాలు పడతాయి."

"మామయ్య వద్దన్నాడు కదా అత్తమ్మా."

"ఆయనకి చెప్పానులే. ఎడమవైపు చెప్పా" అని నవ్వింది.

నేను ఆపలేదు. నిజం చెప్తున్నాను, ఆపాలని అనిపించలేదు కూడా. ఎండుచేప వాసన ముక్కుకు తగిలింది, అంతే. ఆకలి.

ఊట గుహకు వంద అడుగుల కింద ఉంది. అక్కడ కొండ తెగి, ఆ సందులోంచి ఒక ముక్క సముద్రం కనిపిస్తుంది. నేను సుమిని ఎత్తుకుని గుహ నోటి దగ్గర నిలబడ్డాను. మంచు మేమనుకున్నంతసేపు ఉండలేదు. చారు కాగుతుండగానే ఎండ వచ్చింది. సన్నటి పొగ తాడులా నిటారుగా పైకి లేచింది. తలమీద ఎక్కడో విమానం మోత వినిపించింది.

మొదటి గుండు ఊటకు బాగా అవతల, దుంప చేలో పడింది. అత్తమ్మ నేలకు అతుక్కుపోయి, మళ్ళీ లేచింది. రెండోది ఇవతల, దేవదారు చెట్లలో పడింది. చెట్టు కొమ్మలు వానలా రాలాయి. అత్తమ్మ నిలబడి, నావైపు చూసి, కదెనా బజారులో అరిచే గొంతుతో అరిచింది.

"చూశావా నాబె! గురి చూడ్డం కూడా రాదు సచ్చినోళ్ళకి!"

వంగి కుండకు గుడ్డ చుట్టసాగింది. అప్పుడే మామయ్య లోపల్నుంచి నన్ను తోసుకుంటూ వచ్చాడు.

"ఎన్ని పడ్డాయి?"

"రెండు, మామయ్యా."

"ఎటు?"

"ఒకటి అవతల. ఒకటి ఇవతల. రెండూ దూరంగానే..."

నేను మాట పూర్తి చేయకముందే ఆయన పరుగెత్తాడు. "ఉతో! కుండ వదిలెయ్! పరిగెత్తు! ఇటు రా!"

అత్తమ్మ తలెత్తింది. ఒక చేత్తో కుండ పట్టుకుని, రెండో చెయ్యి ఎడమ చెవికి అడ్డం పెట్టి, అచ్చం ఆయనలా మొహం పెట్టింది. "ఏంటీ? వినపడలా!"

మూడోది వచ్చింది.

పొగ విడిపోయాక మామయ్య సగం దారిలో మోకాళ్ళ మీద ఉన్నాడు. నేను ఇంకేమీ చూడలేదు, చూడనివ్వలేదు. ఆయనే వెళ్ళాడు. ఆయనే దుప్పటిలో చుట్టాడు. చీకటి పడ్డాక మోరినె, ఆయన కలిసి గుహ పక్కన పూడ్చారు.

ఆ రాత్రి ఎవరో అడిగారు, రెండు గుండ్లు తప్పాయి కదా, మూడోది ఎలా తగిలిందని. మామయ్య గోడవైపు తిరిగి, పనిలో కొత్తగా చేరినవాడికి నేర్పుతున్నట్టు చెప్పాడు. "తప్పలేదు. ఒకటి అవతల వేస్తారు, ఒకటి ఇవతల వేస్తారు. పైన ఉన్నవాడు ఎంత దూరమో చెప్తాడు. మూడోది నడుమ పడుతుంది. ఎప్పుడూ అంతే." మళ్ళీ తనే, "పెద్ద ఫిరంగి కూడా కాదు. ఓడ పక్కన ఉండే చిన్నవి" అన్నాడు.

రెండు రోజులు పోయాయి. ఏప్రిల్ ఒకటిన తెల్లవారకముందే మొదలైన మోత ముందెన్నడూ విననిది. ఒక్కొక్క గుండు అని విడదీసే వీల్లేదు, అదంతా ఒకటే అరుపు. పిల్లలు ఏడవడం మానేశారు. మూడు గంటలు గడిచాక మామయ్య రాతికి వీపు ఆనించి, అరచేయి ఎత్తి అందర్నీ ఆగమన్నాడు.

"గుండ్లు ముందుకి జరిగాయి" అన్నాడు. "ఒడ్డు మీద కొట్టడం ఆపారు. మన తల మీదుగా లోపలికి కొడుతున్నారు. అంటే మనుషులు దిగారు. సొంత మనుషుల మీద వేసుకోరు కదా. కాసేపట్లో ఇక్కడికొస్తారు. ఫిరంగికి దొరక్కుండా, మనిషికి దొరకాలి మనం. బయటికి పోదాం."

మోరినె గుహ నోటికి అడ్డం నిలబడ్డాడు. నడుముకు రెండు చేతి బాంబులున్నాయి. "ఎవరూ కదలొద్దు. వాళ్ళు రాక్షసులు. ఆడవాళ్ళనేం చేస్తారో తెలుసా? సైన్యంలో పనిచేసినవాడివి, నువ్వు ఇట్లా మాట్లాడతావా అన్నా? దేశద్రోహం ఇది."

"దేశానికి ఒక చెవి ఇచ్చా. కొడుకునిచ్చా. మొన్న ఆడదాన్ని ఇచ్చా. ఇంకేం మిగిలిందని అడుగుతున్నావ్ తమ్ముడూ?"

అప్పుడు ఆయన చింగ్‌తావ్ సంగతి చెప్పాడు. ముప్ఫై ఏళ్ళలో ఆయన నోట ఆ మాట ఎవరూ విని ఉండరు.

"రోజుకి నలభై గుండ్లు అందించేవాణ్ణి. ఎక్కడ పడేవో మాకు చెప్పరు. కొండ అనేవాళ్ళు, కోట అనేవాళ్ళు. లొంగిపోయాక సామాన్లు మొయ్యడానికి మమ్మల్ని ఒడ్డుకి దింపారు. కోట వెనక ఒక పల్లె ఉంది. ఉందంటే, గోడలున్నాయి. ఒక ముసలామె బావి దగ్గర కూర్చునుంది. మమ్మల్ని చూసి చేతులెత్తింది. నా జేబులో బిస్కెట్టుంటే ఇచ్చా. ఓడలో ఉన్నప్పుడు ఆమె నాకు కొండ. దగ్గరికొచ్చాక ముసలామె. అంతకంటే నాకేం తెలీదు. వచ్చేవాళ్ళు మంచోళ్ళో కాదో చెప్పలేను. దగ్గరికొచ్చినోడికి కళ్ళుంటాయి, అంతే చెప్తున్నా."

మోరినె తల్లికి ఎనభై ఏళ్ళు. పొడి చోటులోంచి ఆమె సన్నటి గొంతు వినిపించింది. "నాకు ఎండ చూడాలనుంది. జెన్కిచీ, నన్ను ఎత్తుకుంటావా?"

"రామ్మా."

మోరినె తల్లిని చూశాడు. అడ్డం తప్పుకున్నాడు. "నువ్వూ రారా" అందామె. "వెనకాలే వస్తానమ్మా, ముందు నువ్వెళ్ళు" అన్నాడు.

సుమి తెల్ల గోచీగుడ్డను వెదురు కర్రకు కట్టి నేను పట్టుకున్నాను. మామయ్య ముసలామెను వీపు మీద వేసుకుని ముందు నడిచాడు. మేం యాభై మంది దాకా బయటికి వచ్చాం. కొందరు మోరినెతో లోపలే ఉండిపోయారు. దుంప చేను దాటుతుండగా వెనక రెండు చప్పుళ్ళు వినిపించాయి. దగ్గరగా, ఠక్కున తెగిపోయినట్టు.

"ఏంటది? ఫిరంగా?" అని అడిగింది ముసలామె.

"అవునమ్మా. ఫిరంగే" అన్నాడు మామయ్య.

వచ్చిన సైనికులు ఎర్రటి మొహాల కుర్రాళ్ళు. మమ్మల్ని చూసి వాళ్ళూ భయపడ్డారు. ఒకడు నీళ్ళ డబ్బా ఇచ్చి, సుమి మొహంలోకి వంగి చూసి, ఏదో అడిగాడు. నాకు అర్థం కాలేదు. మమ్మల్ని వరుసగా ఒడ్డుకు నడిపించారు. అక్కడ మొదటిసారి నేను ఆ పెద్ద ఓడను చూశాను. ఎండలో కదలకుండా ఉంది. బూడిద రంగు. దాని మీద ఎవరో బట్టలు ఆరేశారు. మామయ్య ఇసుకలో నిలబడి ఎంతసేపు చూశాడో! నేను చెయ్యి పట్టి లాగాను.

"ఆ మూడోది మోసినవాడు ఈపాటికి అన్నం తింటూ ఉంటాడు" అన్నాడు. "వాడికి తెలీదు. నేనూ తిన్నానుగా."

శిబిరంలో పాలపొడి ఇచ్చారు. సుమి బతికింది. సెయ్‌కి రాలేదు. దక్షిణాన షురి దగ్గర పోయాడని జూలైలో ఒకాయన చెప్పాడు. ఎక్కడ, ఎలా అన్నది అతనికీ తెలియదు. మోరినె తల్లి ఆ వేసవి దాటలేదు. కొడుకు ఎప్పుడొస్తాడని రోజూ మామయ్యను అడిగేది. ఆయన రోజూ ఏదో ఒక జవాబు చెప్పేవాడు.

అందరూ నన్ను ఓదార్చారు, ఎవరూ నిందించలేదు. అదే నాకు భరించరానిదైంది. మామయ్య నాతో ఎప్పటిలాగే మాట్లాడేవాడు. ఊళ్ళోవాళ్ళు అడిగితే, ఉతో నీళ్ళకెళ్ళినప్పుడు పోయిందని చెప్పేవాడు. చారు మాట, పొగ మాట ఎత్తేవాడు కాదు.

ఏడో ఏట అత్తమ్మ ఎముకలు కడిగాం. మాలో పోయినవాళ్ళ ఎముకలను కొన్నేళ్ళకు తీసి, ఇంటి ఆడవాళ్ళు కడిగి, కుండలో పెట్టి, పూర్వీకుల దగ్గర చేర్చాలి. ఇంట్లో ఆడదాన్ని నేనొక్కదాన్నే. సారాతో ఒక్కొక్కటే కడుగుతుంటే పక్కటెముకల దగ్గర బొటనవేలంత ఇనుప ముక్క దొరికింది. మామయ్య చేతిలో పెట్టాను. అప్పుడు ఇక ఆపుకోలేకపోయాను.

"నాకోసం వెళ్ళింది మామయ్యా. నేను ఆపలేదు. ఆకలేసి ఆపలేదు. ఒక్కసారైనా నన్ను తిట్టు."

ఆయన చాలాసేపు ఆ ముక్కను తిప్పి చూశాడు.

"పొగ పెట్టొద్దని అందరికీ చెప్పా" అన్నాడు. "మూడో గుండు సంగతి మాత్రం చెప్పలేదు. నెల్రోజులు ఆ గుహ తవ్వుతుంటే రోజూ మీ అత్త నాకు ఎదురుగా కూర్చునేది. ఎన్నిసార్లు నోటిదాకా వచ్చిందో! చెప్తే, నీకెలా తెలుసు అంటుంది. అప్పుడు ఆ పల్లె సంగతి చెప్పాలి. చెప్తే మళ్ళీ నా పక్కన కూర్చుని నవ్వుతుందో లేదోనని మానేశా. తెలిసుంటే రెండోదానికే పరిగెత్తేది. నిన్నేమని తిట్టనమ్మాయ్?"

ఆ ముక్కను దుంప చేలోకి విసిరేశాడు. ఆ ఏళ్ళలో అలాంటి ఇనుము చేలలో తట్టల కొద్దీ దొరికేది, అది వాటిలో కలిసిపోయింది. ఇద్దరం ఎముకలను వరుసగా కుండలో పేర్చాం. కాళ్ళవి అడుగున, తల పైన. ఆ తర్వాత మేమెప్పుడూ ఆ మాట ఎత్తలేదు. మామయ్య ఇంకో తొమ్మిదేళ్ళు బతికి, ఒక వానాకాలం జ్వరంతో పోయాడు. చివరి రోజుల్లో ఎప్పుడూ ఎడమవైపుకు తిరిగి పడుకునేవాడు. కుడి చెవి పైకి ఉంచి, ఎవరో పిలుస్తారన్నట్టు.

సుమికి బిడ్డ పుట్టిన నెలలో, అది పాలిస్తుండగా, నేను అంతా చెప్పేశాను. ఇరవై ఆరేళ్ళు దాచిన మాట. అది ఏడుస్తుందనుకున్నాను, లేకపోతే ఎందుకు చెప్పావంటుందనుకున్నాను. సుమి బిడ్డను భుజం మార్చుకుంది.

"అమ్మా, నాయనమ్మ తోఫు అమ్మేటప్పుడు ఏమని అరిచేది?" అంది.

చెప్పబోయాను. మాటలు గుర్తు రాలేదు. ఇన్నేళ్ళూ ఆవిడ నాకు ఆ ఊట దగ్గరే నిలబడి ఉంది. అంతకుముందు నలభై ఎనిమిదేళ్ళు బతికిందని నేనే మరిచిపోయాను. కాసేపు తడుముకున్నాను. మొదటి మాట దొరికింది, రెండోది దొరకలేదు. పాపను లేపకుండా, మెల్లగా, గుర్తున్నంత వరకు అరిచి వినిపించాను.